ఏ పని ఏఐది, ఏ పని మీది?

పీహెచ్‌డీ థీసిస్ ఏది తెరిచినా మొదటి పేజీల్లోనే ఒక డిక్లరేషన్ కనిపిస్తుంది. ఇది నా సొంత పరిశోధన, ఫలానా గైడు పర్యవేక్షణలో చేశాను, మరే డిగ్రీకీ సమర్పించలేదు, ఇతరుల రచనల నుంచి తీసుకున్నవాటికి ఆధారాలు చూపించాను అని స్కాలర్ దాని కింద సంతకం చేస్తారు. చాలామంది ఆ పేజీని సీనియర్ థీసిస్ నుంచి తెచ్చుకుని, పేరూ హాల్‌టికెట్ నంబరూ మార్చి బైండింగ్‌కి పంపేస్తారు. చదివి సంతకం పెట్టేవాళ్లు తక్కువ. ఇప్పుడు మాత్రం చదవక తప్పదు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఆ తర్వాత జెమిని, క్లాడ్, కోపైలట్ లాంటివి మన ఫోన్లలోకే వచ్చేశాయి. "నా సొంత పరిశోధన" అని రాసి ఊరుకుంటే ఇక సరిపోదు. దానికి వివరం ఇవ్వాలి.

గ్రామర్ చూసిపెట్టమని అడిగినవాళ్లనీ, చాప్టర్ మొత్తం రాయించుకున్నవాళ్లనీ కదిపి చూడండి. ఇద్దరూ ఒకటే చెబుతారు: "కొంచెం వాడానండీ." ఆ కొంచెం దగ్గరే గొడవంతా ఉంది. ఎంత, ఎక్కడ, దేనికి అని విడమరిచి చెప్పగలిగితే మొదటి విద్యార్థికి భయపడాల్సిన పనే లేదు. విడమరిచి చెప్పాల్సి వస్తే రెండో విద్యార్థి అలా రాయించుకోవడానికి ముందే ఆగుతాడు. అందుకే ఏఐ వాడకాన్ని ప్రకటించడం ఒక ఫార్మాలిటీ అని నేను అనుకోను. అది మన పనిని మనమే లెక్క చూసుకోవడం.

ఒక మాటలో రెండు పనులు

"ఏఐని సైట్ చేయాలా?" అని విద్యార్థులు అడిగేటప్పుడు అందులో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీస్తే దారి సులువవుతుంది.

మొదటిది, ఏఐ ఇచ్చిన జవాబే మీ వ్యాసంలో కనిపించడం. పత్తి చేలో గులాబీ రంగు పురుగు గురించి తెలుగులో అడిగితే చాట్‌బాట్లు రైతుకు ఏం సలహా ఇస్తున్నాయి అన్నదే మీ పరిశోధన అనుకోండి. అప్పుడు ఆ జవాబు మీకు ముడిసరుకు. దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఒక పుస్తకానికి ఇచ్చినట్టే రిఫరెన్సు ఇవ్వాలి.

రెండోది, ఏఐతో పని చేయించుకోవడం. ఇంగ్లీషు సరిచేయించడం, ఇంటర్వ్యూ అనువదించడం, కోడ్ రాయించడం, చాప్టర్ వరుస ఎలా ఉంటే బాగుంటుందని అడగడం. ఇక్కడ ఏఐ మాటలు మీ పేజీలో కొటేషన్‌గా ఉండకపోవచ్చు, కానీ దాని శ్రమ ఉంది. దీనికి రిఫరెన్సుల జాబితాలో ఒక లైను చాలదు. ఏ పనికి వాడారో చెప్పే ప్రకటన కావాలి. అది మెథడాలజీలో రావచ్చు, కృతజ్ఞతల పేజీలో రావచ్చు, విడిగా ఒక పేరాగా రావచ్చు.

ఇది మనకు కొత్తేమీ కాదు. సర్వే లెక్కలు ఎస్‌పీఎస్‌ఎస్ 26 వెర్షన్‌లో చేశాం అని మెథడాలజీలో రాయడం సోషల్ సైన్సెస్ విద్యార్థులకు ఎప్పటి నుంచో అలవాటే. అలా రాయడానికి ఎవరూ సిగ్గుపడలేదు. ఏఐ దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలకపోవడానికి కారణం, అది లెక్కలతో ఆగకుండా వాక్యాలు కూడా రాయడమే. వాక్యం మన ఆలోచనకు చాలా దగ్గరి వస్తువు. కాబట్టి ఇక్కడ మరింత వివరంగా చెప్పాలి.

రిఫరెన్సు ఎలా రాయాలన్నది త్వరగా చూసేద్దాం. ఏపీఏ శైలివాళ్లు 2023 ఏప్రిల్‌లో పద్ధతి చెప్పారు. సాధనాన్ని తయారుచేసిన సంస్థను రచయిత స్థానంలో పెట్టి, సంవత్సరం, సాధనం పేరు, వెర్షన్, అది ఏ రకం సాధనమో, చివర వెబ్ చిరునామా ఇవ్వమన్నారు. అంటే ఇలా: ఓపెన్‌ఏఐ. (2023). చాట్‌జీపీటీ (మార్చి 14 వెర్షన్) [లార్జ్ లాంగ్వేజ్ మోడల్]. ఎంఎల్ఏ శైలివాళ్లు అంతకు ముందు నెలలోనే వేరే దారి ఎంచుకున్నారు. వాళ్ల పద్ధతిలో రచయిత ఉండడు. శీర్షిక ఉండాల్సిన చోట మీరు అడిగిన ప్రశ్న వస్తుంది, ఆ తర్వాత సాధనం, వెర్షన్, సంస్థ, తేదీ, చిరునామా. షికాగో పద్ధతిలో మామూలుగా ఫుట్‌నోట్‌లో చెబితే చాలు. ఈ నియమాలు మారుతూనే ఉన్నాయి, అందుకని సమర్పించే నెలలో ఆయా శైలి అధికారిక వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. మీ యూనివర్సిటీ వేరే ఫార్మాట్ ఇస్తే అదే పాటించండి.

ఏ శైలి అయినా ఏ సాధనం, ఏ వెర్షన్, ఏ తేదీ అని ఎందుకు అడుగుతుందో గ్రహిస్తే కామాలూ చుక్కలూ బెంగ పెట్టవు. పుస్తకంలో 112వ పేజీ పదేళ్ల తర్వాత కూడా 112వ పేజీయే. ఏఐ జవాబు అలా కాదు. అదే ప్రశ్న రేపు అడిగితే వేరే జవాబు రావచ్చు, మీ ఎగ్జామినర్ అడిగితే ఇంకోటి రావచ్చు. కాబట్టి మీకు వచ్చిన జవాబును పూర్తిగా అనుబంధంలో పెట్టడం చదివేవారికి మీరు చేయగల మేలు.

రచయితల వరుసలో ఏఐకి చోటు ఎందుకు లేదు

2023 మొదట్లో కొన్ని పరిశోధన వ్యాసాల్లో చాట్‌జీపీటీ పేరు సహరచయితగా కనిపించింది. వెంటనే పెద్ద జర్నళ్లు స్పందించాయి. ఆ జనవరిలోనే నేచర్, సైన్స్ రెండూ ఏఐని రచయితగా ఒప్పుకోమని ప్రకటించాయి. ఫిబ్రవరిలో ప్రచురణ నైతికత చూసే కోప్ సంస్థ, మే నెలలో వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ అదే మాట చెప్పాయి. అందరూ చెప్పిన కారణం ఒకటే. రచయిత అంటే రాసినదానికి జవాబుదారీ. తప్పు తేలితే సంజాయిషీ ఇవ్వాలి, కాపీరైట్ పత్రం మీద సంతకం పెట్టాలి. ఏఐ ఇవేవీ చేయలేదు. వైవాలో ఎగ్జామినర్ 87వ పేజీ తెరిచి "ఈ నిర్ధారణకు ఎలా వచ్చారమ్మా?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరొక్కరే.

దీని నుంచి ఇంకో సంగతి కూడా తేలుతుంది. "ఏఐ అలా ఇచ్చిందండీ" అన్నది ఎక్కడా చెల్లే సంజాయిషీ కాదు. ప్రకటించినంత మాత్రాన తప్పు మీది కాకుండా పోదు.

లేని వ్యాసాలు

ఈ విషయంలో కాసేపు ఆగుదాం. ఏఐ వల్ల మన విద్యార్థులకు నిజంగా దెబ్బ తగిలేది ఇక్కడే.

సమీక్షా అధ్యాయం కోసం "ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల మీద వచ్చిన పది ముఖ్యమైన వ్యాసాలు చెప్పు" అని అడుగుతారు. క్షణాల్లో జాబితా వస్తుంది. రచయితలు ఆ రంగంలో పేరున్నవాళ్లే. జర్నళ్లు నిజమైనవే. శీర్షికలు కూడా అలాంటి వ్యాసాలకు ఉండాల్సిన తీరులోనే ఉంటాయి. వెతికితే మాత్రం కొన్ని ఎక్కడా దొరకవు. భాషా నమూనా పని చేసే తీరే అది. ఏ మాట తర్వాత ఏ మాట రావడం సహజమో దాన్ని బట్టి అది రాసుకుంటూ పోతుంది. పేరు, శీర్షిక, జర్నల్, సంపుటి అన్నీ పొందికగా అమరుతాయి, కానీ ఆ వ్యాసం ఎవరూ రాయలేదు. 2023లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని కొలిచింది. జీపీటీ-3.5 ఇచ్చిన రిఫరెన్సుల్లో 55 శాతం, జీపీటీ-4 ఇచ్చినవాటిలో 18 శాతం కల్పితాలని తేలింది. ఇంటర్నెట్‌లో వెతికి చెప్పే సాధనాలు వచ్చాక కల్పితాలు తగ్గాయనుకున్నా, వాటితో ఇంకో ఇబ్బంది ఉంది: వ్యాసం నిజమైనదే ఉంటుంది, అందులో ఉందని ఏఐ చెప్పిన మాట మాత్రం అందులో ఉండదు. దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.

అదే ఏడాది న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు ఎక్కడా లేని తీర్పులను ఉదాహరిస్తూ కోర్టుకు పత్రాలు ఇచ్చారు. ఇవి నిజమైన తీర్పులేనా అని వాళ్లలో ఒకాయన చాట్‌జీపీటీనే అడిగారు. అవునంది. జూన్‌లో జడ్జి వాళ్లకు 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఇందులో మనం పట్టుకోవాల్సింది ఇది: ఏఐ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి అదే ఏఐని సాక్షిగా పిలవకూడదు.

మరి ఎలా తేల్చుకోవాలి? డీఓఐ నంబరు (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే డీఓఐ వెబ్‌సైట్‌లో పెట్టి చూడండి. ఏ పేజీ తెరుచుకుంటుందో దాని శీర్షిక మీ జాబితాలోని శీర్షికతో సరిపోవాలి. కొన్నిసార్లు నంబరు పని చేస్తుంది, కానీ సంబంధం లేని వేరే వ్యాసం తెరుచుకుంటుంది. డీఓఐ లేకపోతే సంపుటికీ సంవత్సరానికీ పొంతన చూడండి. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ 2010 సంచికలు 45వ సంపుటిలోవి. మీ జాబితాలో 2010 పక్కన 47 కనిపిస్తే అక్కడే ఆగి, జర్నల్ వెబ్‌సైట్‌కి వెళ్లి ఆ సంచిక విషయసూచిక తెరవండి. భారతీయ థీసిస్ అయితే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి. పాత తెలుగు పుస్తకమైతే లైబ్రేరియన్‌ని అడగండి. ఆయనకు తెలిసినంత ఏ సాధనానికీ తెలియదు.

దొరికిందా? అయితే చదవండి. చదివాక ఆ వ్యాసాన్నే సైట్ చేయండి. దారి చూపించిన ఏఐని అక్కడ సైట్ చేయక్కర్లేదు, చివరి ప్రకటనలో చెబితే చాలు. చదవలేదా? అప్పుడు ఏఐ ఇచ్చిన సారాంశాన్ని పట్టుకుని అసలు రచయిత పేరు బ్రాకెట్లో పెట్టకండి. చదవని వ్యాసాన్ని చదివినట్టు చూపించడం ఏఐ రాకముందు కూడా అబద్ధమే, ఇప్పుడూ అబద్ధమే.

ఆలోచన తెలుగులో, థీసిస్ ఇంగ్లీషులో

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, యూనివర్సిటీకి వచ్చి ఇంగ్లీషులో థీసిస్ రాయాల్సిన పిల్లల గురించి నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. పల్లెల్లో తిరిగి, మనుషులతో మాట్లాడి, అద్భుతమైన వివరాలు పట్టుకొస్తారు. రాయడానికి కూర్చునేసరికి ఆర్టికల్స్ దగ్గర, ప్రిపొజిషన్ల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. పెద్ద ఊళ్లలో డబ్బున్నవాళ్లకు ఇంగ్లీషు సరిచేసిపెట్టే ఎడిటర్లు ఎప్పుడూ దొరికారు. ఇవాళ అదే సాయం ఫోన్లో దొరుకుతోంది. దాన్ని వాడుకోవడంలో అవమానమేమీ లేదు. వాడుకోండి, చెప్పండి.

భాష సరిచేయించడాన్ని ప్రకటించాలా వద్దా అన్నదాంట్లో ప్రచురణకర్తలకే ఏకాభిప్రాయం లేదు. స్ప్రింగర్ నేచర్ లాంటి సంస్థలు కేవలం భాష మెరుగుపరిస్తే ప్రకటించక్కర్లేదంటాయి. మరికొన్ని చెప్పమంటాయి. నా సలహా చెప్పడమే. ఒక్క వాక్యం రాస్తే పోయేదేమీ లేదు, రాయకపోతే తర్వాత అనుమానం వచ్చినప్పుడు సర్దిచెప్పుకోవడం కష్టం.

అయితే సరిచేయించడానికీ రాయించుకోవడానికీ మధ్య గీత ఎక్కడుంది? దీనికి నేను సూచించే పరీక్ష ఒకటుంది. సరిచేసిన వాక్యం పక్కన మీరు మొదట రాసిన వాక్యం పెట్టి చూపించగలరా? చూపించగలిగితే అది సరిదిద్దుడు. మీ దగ్గర నాలుగు పాయింట్లు మాత్రమే ఉండి, వాటి నుంచి ఏఐ మూడు పేరాలు అల్లి ఇస్తే, ఆ పేరాల్లోని వాదన మీది కాదు. దాన్ని "భాషా సాయం" కింద రాస్తే ప్రకటనే అబద్ధమవుతుంది.

మొదటి చిత్తుప్రతి దాచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఏఐ రాసిందో కాదో చెబుతామనే డిటెక్టర్లను కాలేజీలు వాడుతున్నాయి. వాటి మాటను తీర్పుగా తీసుకోవడం అన్యాయం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం స్వయంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి ఏఐ రాసినవని తప్పుగా ముద్ర వేశాయి. పరిమితమైన పదాలతో, సాదా వాక్యాలతో రాస్తే యంత్రానికి అది యంత్రం రాసినట్టే కనిపిస్తుందన్నమాట. అంటే మన తెలుగు మీడియం విద్యార్థి కష్టపడి సొంతంగా రాసుకున్నా డిటెక్టర్ వేలు తన వైపే చూపించవచ్చు. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ, వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్, తేదీలతో ఉన్న పాత ఫైళ్లు, చేతిరాత నోట్సు — ఆ రోజున మీ తరఫున మాట్లాడేవి ఇవే. 2024లో హర్యానాలోని ఒక ప్రైవేటు లా కాలేజీ విద్యార్థి, తన పరీక్ష జవాబులు ఏఐ రాసినవంటూ ఫెయిల్ చేశారని హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లే ఓపిక, డబ్బు అందరికీ ఉండవు.

సిమిలారిటీ శాతం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2018 యూజీసీ నియమాల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ అంకెలు చాట్‌జీపీటీ రాకముందువి. ఉన్న రచనలతో పోలికను మాత్రమే అవి కొలుస్తాయి. ఏఐ అప్పటికప్పుడు అల్లిన పేరా ఎక్కడా ఉండదు కాబట్టి రిపోర్టులో తక్కువ శాతం రావచ్చు. "సిమిలారిటీ నాలుగే వచ్చింది, ఇంకేం కావాలి?" అనే ధీమా సరైంది కాదు.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. వేరేవాళ్ల పేరాలు తెచ్చుకుని, "సిమిలారిటీ తగ్గేలా తిరగరాయి" అని ఏఐకి ఇవ్వడం. ఇది చాలాచోట్ల మామూలు పనిలా జరిగిపోతోంది. మాటలు మారినా ఆలోచన వాళ్లదే, శ్రమ వాళ్లదే. వాళ్ల పేరు చెప్పకపోతే అది ప్లేజియరిజమే. రిపోర్టులో సున్నా వచ్చినా ప్లేజియరిజమే.

ప్రకటన రాసి చూద్దాం

ఒక స్కాలర్ ఒక మండలంలోని డ్వాక్రా సంఘాల అప్పుల మీద పని చేస్తోందనుకుందాం. ఇంటర్వ్యూలు తెలుగులో, థీసిస్ ఇంగ్లీషులో. ఆమె ఇలా రాసిందనుకోండి: "ఈ థీసిస్ తయారీలో ఏఐ సాధనాలను తగిన రీతిలో, బాధ్యతతో వాడాను." చదవడానికి మర్యాదగా ఉంది. చెప్పిందేమీ లేదు. ఏ సాధనమో, ఏ అధ్యాయమో, ఏ పనో లేదు.

ఇప్పుడు ఇది చూడండి: "ఈ థీసిస్‌లో చాట్‌జీపీటీని మూడు పనులకు వాడాను. వాడిన వెర్షన్లు, తేదీలు అనుబంధం 3లో ఉన్నాయి. రెండో అధ్యాయం కోసం చదవాల్సిన వ్యాసాల తొలి జాబితా అడిగాను. అందులో దొరకనివాటిని వదిలేశాను. రిఫరెన్సుల్లో ఉన్న ప్రతి వ్యాసాన్నీ నేను చదివాను. నాలుగో అధ్యాయంలో వచ్చే ఇంటర్వ్యూ భాగాలకు, పేర్లు, ఊళ్లు, సంఘాల వివరాలు తీసేసిన తర్వాత, ఇంగ్లీషు అనువాదం తొలి ప్రతి తీసుకున్నాను. ప్రతి వాక్యాన్నీ తెలుగు రికార్డింగుతో పోల్చి సరిదిద్దాను. మూడు, ఐదు అధ్యాయాల్లో నేను రాసిన ఇంగ్లీషుకు వ్యాకరణ దోషాలు దిద్దించుకున్నాను. ప్రశ్నావళి, పట్టికల్లోని లెక్కలు, విశ్లేషణ, నిర్ధారణలు నావి. వాటికి ఏఐని వాడలేదు."

రెండో ప్రకటనలో ఏఐ వాడకం ఎక్కువే కనిపిస్తోంది. అయినా ఎగ్జామినర్‌కి దాని మీదే నమ్మకం కుదురుతుంది, ఎందుకంటే ఎక్కడ అడగాలో అది చూపిస్తోంది. అనువాదం మీద అనుమానం వస్తే రికార్డింగు ఉంది. "వాడలేదు" అని చెప్పిన చోట కూడా స్పష్టంగా చెప్పింది. చాలామంది ఈ చివరి వాక్యం మరిచిపోతారు. మీ సొంత శ్రమను మీరే చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

ఆ ప్రకటనలో "పేర్లు, ఊళ్లు తీసేసిన తర్వాత" అన్న మాట మామూలుది కాదు. సంఘంలోని ఆడవాళ్లు తమ అప్పులు, ఇంట్లో గొడవలు, వాయిదా కట్టకపోతే పడ్డ మాటలు ఆ స్కాలర్‌కి చెప్పారు. "నీకు కాబట్టి చెబుతున్నానమ్మా" అని చెప్పి ఉంటారు. ఆ అనుమతి ఆమె నోటుబుక్కుకు, ఆమె థీసిస్‌కు ఇచ్చింది. ఏ కంపెనీ సర్వర్‌కో ఇచ్చింది కాదు. కాబట్టి ఇంటర్వ్యూ రికార్డింగుల్ని, వాటి రాతప్రతుల్ని ఉన్నవి ఉన్నట్టుగా ఏఐ సాధనంలో ఎక్కించకండి. ఎక్కించాల్సి ఉంటుందని ముందే తెలిస్తే, ఆ సంగతి సమ్మతి పత్రంలో రాసి, వాళ్లకు చదివి వినిపించి, ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి. ఎథిక్స్ కమిటీ ఉన్నచోట వాళ్లకూ చెప్పండి. థీసిస్ చివర ఎంత నిజాయితీగా ప్రకటించినా, ఈ మొదటి అడుగు తప్పితే దాన్ని సరిచేయలేం.

ఇంత వివరం చివర్లో గుర్తు చేసుకుని రాయడం ఎవరికీ సాధ్యం కాదు. మూడేళ్ల కిందట ఏ చాప్టర్‌కి ఏం అడిగామో ఎవరికి గుర్తుంటుంది? అందుకని మొదటి రోజు నుంచే ఒక ఎక్సెల్ షీటో, నోటుబుక్కో పెట్టుకోండి. తేదీ, సాధనం, వెర్షన్, ఏం అడిగారు, అందులో ఏది వాడారు, దాన్ని ఎలా మార్చారు. ఏఐతో పని చేసిన ప్రతిసారీ లేచే ముందు ఒక లైను. "మార్చి 4, చాట్‌జీపీటీ, మూడో చాప్టర్ 6 నుంచి 9 పేజీలు, గ్రామర్ మాత్రమే, రెండు చోట్ల అర్థం మారితే పాత వాక్యమే ఉంచాను." ఈ మాత్రం చాలు. ప్రకటన రాసే రోజున ఈ షీటే మీకు సగం రాసిపెడుతుంది. బీటెక్ ప్రాజెక్టుల్లో కోడ్ రాయించుకునేవాళ్లు ప్రోగ్రామ్ ఫైల్లోనే ఆ ఫంక్షన్ పైన కామెంట్‌గా రాయొచ్చు. డిగ్రీ అసైన్‌మెంట్‌కైతే చివర రెండు వాక్యాలు చాలు. స్పెల్లింగ్ చెక్కుకీ, గూగుల్లో వెతకడానికీ ఇదంతా అక్కర్లేదు.

గైడుతో ఎలా మాట్లాడాలి

తిడతారేమోనని చాలామంది గైడుకు చెప్పరు. చివరి నెలలో చెబితే గైడు కోప్పడటంలో ఆశ్చర్యం లేదు. మొదట్లోనే అడిగితే అది సందేహం మాత్రమే. ఇలా అడగొచ్చు: "మేడమ్, రెండో చాప్టర్లో ఇంగ్లీషు సరిచేయడానికి చాట్‌జీపీటీ వాడాలనుకుంటున్నాను. నేను రాసిన ప్రతి కూడా పక్కన ఉంచుతాను. మన డిపార్ట్‌మెంట్‌లో దీన్ని ఎక్కడ రాయమంటారు?" ఆమె "వద్దమ్మా" అంటే మానేయండి. "సరే" అంటే ఆ మాటను మెయిల్లో ఒకసారి రాసి పంపండి: "ఇవాళ మీరు చెప్పినట్టు ఫలానా పనికి మాత్రమే వాడతాను మేడమ్." తర్వాత మాట మార్పు రాకుండా ఇద్దరికీ అది రక్షణ.

ఇది చదివే అధ్యాపకులకూ ఒక మనవి. "ఏఐ వాడితే సున్నా" అని బోర్డు మీద రాసేస్తే వాడకం ఆగదు, చెప్పడం ఆగిపోతుంది. అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు, వాడితే ఎక్కడ రాయాలి అని మూడు వాక్యాల్లో చెప్పండి. నిజాయితీగా రాసిన పిల్లవాడికి మార్కులు కోయకండి. ఒక్కసారి కోస్తే క్లాసంతా పాఠం నేర్చుకుంటుంది, అదీ తప్పుడు పాఠం.

ఇప్పటికే ఇచ్చేసినవారు ఏం చేయాలి

ఏ ప్రకటనా లేకుండా థీసిస్ ఇచ్చేసి, ఇప్పుడు ఇది చదువుతూ గుండె ఆగినంత పనైనవాళ్లు ఉంటారు. దారి ఉంది. వైవా ఇంకా కాకపోతే గైడు దగ్గరికి వెళ్లి, ఏ అధ్యాయంలో ఏం చేశారో రాసిన కాగితం ముందు పెట్టి మాట్లాడండి. యూనివర్సిటీ అనుమతిస్తే ఆ పేజీని తుది ప్రతిలో చేర్చండి. జర్నల్‌లో వ్యాసం వచ్చేసి ఉంటే సంపాదకులకు లేఖ రాయండి. వ్యాసాలను ప్రచురణ తర్వాత సరిదిద్దడం జర్నళ్లకు మామూలే. 2023లో చాట్‌జీపీటీని సహరచయితగా వేసిన ఒక నర్సింగ్ విద్యా జర్నల్ కూడా తర్వాత సవరణ వేసి రచయితల వరుసను సరిచేసింది. చెప్పకుండా ఉండిపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2024లో లిథియం బ్యాటరీల మీద వచ్చిన ఒక వ్యాసం "తప్పకుండా, మీ అంశానికి సరిపోయే ఉపోద్ఘాతం ఇదిగో" అనే చాట్‌బాట్ మాటతోనే మొదలై అలాగే అచ్చయింది. పాఠకులు దాన్ని బయటపెట్టారు, జర్నల్ చివరికి ఆ వ్యాసాన్నే ఉపసంహరించింది.

సంపాదకులకు రాసే లేఖ పొడుగ్గా ఉండక్కర్లేదు. వ్యాసం శీర్షిక, వచ్చిన సంచిక, ఏ భాగంలో ఏ సాధనాన్ని దేనికి వాడారు, అప్పుడు ఎందుకు ప్రకటించలేదు, ఫలితాల మీద దాని ప్రభావం ఉందా లేదా, చేర్చాల్సిన వాక్యం ఏది. సహరచయితలు ఉంటే వాళ్లకు ముందే చూపించి, అందరి పేర్లతో పంపండి. రిఫరెన్సుల్లో ఏదైనా కల్పితమని తేలితే దాన్ని వేరే పేరాలో, దాని మీద ఆధారపడ్డ వాక్యాలతో సహా చెప్పండి, ఎందుకంటే సంపాదకులు మొదట అడిగేది దాని గురించే.